రైఫిల్ బోరు, బుల్లెట్ నిర్మాణం: పెద్ద జంతువుల వేటలో ఏది నిర్ణాయకం?

పంటచేలను పాడుచేస్తున్న అడవిపందుల్ని కాల్చడానికి అనుమతి ఇచ్చారనో, మనుషులను చంపుతున్న పులి కోసం షూటర్లను రప్పించారనో వార్త వచ్చినప్పుడల్లా దాని వెంటే రైఫిల్ బోర్ల, అంటే గొట్టం లోపలి కొలతల చర్చ కూడా వస్తుంది. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ‘అవని’ అనే ఆడపులిని కాల్చినది హైదరాబాద్‌కు చెందిన షూటరే కాబట్టి, ఈ నగరానికి ఆ చర్చ మరీ దూరపుదేమీ కాదు. ‘315 బోరుతో పులి పడుతుందా?’, ‘ఏనుగుకు 458 ఉండాల్సిందేనా?’ అన్న ప్రశ్నల్లో వినిపించేవన్నీ అంకెలే. ఆ అంకెలు నిజానికి దేన్ని కొలుస్తాయి, దేన్ని కొలవకుండా వదిలేస్తాయి అన్నదే ఇక్కడి విషయం.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో వేటను నిషేధించింది. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలోనో, పంటనష్టం విషయంలోనో 11వ సెక్షన్ కింద అధికారులు రాతపూర్వకంగా అనుమతించినప్పుడు, లేదా 2015లో బీహార్‌లో నీల్‌గాయ్‌ని, అడవిపందిని ప్రకటించినట్టు 62వ సెక్షన్ కింద ఒక జంతువును కొంతకాలం హానికర జంతువుగా ప్రకటించినప్పుడు మాత్రమే తుపాకీ పేలవచ్చు. ‘షికార్’ అంటే పారశీకంలో వేట. తెలుగులోకి వచ్చాక ఆ మాట సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద తిరిగి రావడంగా మిగిలింది. మాట ఎలా మారిందో చట్టరీత్యా పరిస్థితీ అలాగే మారింది. అయితే స్వీడన్, నమీబియా, బ్రిటన్, అమెరికా వంటి చోట్ల వేట చట్టబద్ధంగానే సాగుతోంది, ఈ శాస్త్రంలో ఎక్కువ భాగం అక్కడే పెరిగింది.

తూటా వేరు, బుల్లెట్ వేరు

తెలుగులో గందరగోళం మొదటి మాటతోనే మొదలవుతుంది. తుపాకీలో పెట్టే మొత్తం వస్తువునూ, అందులోంచి ఎగిరివెళ్లే ముక్కనూ కూడా మనం తూటా అనే అంటాం. పాతబస్తీ ఉర్దూలో ఈ చిక్కు లేదు. మొత్తం వస్తువు కార్తూస్, ఎగిరేది గోలీ. ఈ వ్యాసంలో మొత్తం వస్తువును తూటా అనీ, ఎగిరే ముక్కను బుల్లెట్ అనీ పిలుద్దాం. తూటాలో నాలుగు భాగాలుంటాయి. కింద ఒత్తిడికి నిప్పు రవ్వ పుట్టించే ప్రైమర్, దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో తుపాకిమందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. జంతువును తాకేది ఈ నాలుగింటిలో బుల్లెట్ ఒక్కటే. అయినా దుకాణంలోనూ, కబుర్లలోనూ పేరు మోసేది మాత్రం తూటానే.

బోరు అంకె ఎక్కడి నుంచి వచ్చింది

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. బుల్లెట్‌ను బొంగరంలా తిప్పి తిన్నగా పంపేవి ఇవే. గాడి పల్లం అనుకుంటే, రెండు గాడుల మధ్య మిగిలినది మిట్ట. ఎదురెదురు మిట్టల మధ్య దూరాన్ని కొలిస్తే ఒక అంకె వస్తుంది, పల్లాల మధ్య దూరాన్ని కొలిస్తే కొంచెం పెద్ద అంకె వస్తుంది. బుల్లెట్ వ్యాసం సుమారుగా ఈ రెండో అంకెకు సమానం. అందుకే 7.62 మిల్లీమీటర్లు అని పిలిచే తూటాలో బుల్లెట్ వ్యాసం నిజానికి 7.82 మిల్లీమీటర్లు. అమెరికన్లు దాన్నే అంగుళాల్లో .308 అన్నారు. ఒకరు మిట్టను కొలిచారు, మరొకరు పల్లాన్ని కొలిచారు. మన పోలీసులు తరాలుగా మోసిన .303లో బుల్లెట్ వ్యాసం 0.311 అంగుళం. .270 విన్‌చెస్టర్‌లో అది 0.277.

గీత తర్వాత వచ్చే రెండో అంకె ఇంకా తికమక పెడుతుంది. ‘థర్టీ ఆట్ సిక్స్’గా పేరుపడిన .30-06లో 06 అంటే దాన్ని అమెరికా సైన్యం స్వీకరించిన 1906వ సంవత్సరం. .30-30లో రెండో 30 అంటే మొదట్లో అందులో నింపిన మందు బరువు. .250-3000లో 3000 అంటే సెకనుకు 3,000 అడుగుల వేగం, అది కంపెనీ ప్రచారం కోసం తగిలించుకున్న అంకె. యూరప్ వాళ్ల 7×57 కాస్త నిజాయితీగా ఉంటుంది, ఏడు మిల్లీమీటర్ల గొట్టం, 57 మిల్లీమీటర్ల పొడవున్న ఇత్తడి. అదే తూటాను లండన్‌లోని రిగ్బీ సంస్థ .275 అని అమ్మింది. చంపావత్ నరభక్షక పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చినది ఈ .275 రైఫిలే. ఇక మనకు బాగా తెలిసిన 12 బోరు డబుల్ బ్యారెల్ లెక్క మరొకటి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో అంత గొట్టమన్నమాట, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఈ పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

కొన్ని బోర్లు పుట్టడానికి కారణం శాస్త్రం కానే కాదు, పరిపాలన. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ దగ్గరి నెక్కొండ అడవుల్లో పులివేటకు వచ్చి, చంపిన పులితో దిగిన ఫొటో ప్రసిద్ధం. ఆ కాలానికే పొగ చిమ్మే పాత నల్ల తుపాకిమందు రైఫిళ్ల స్థానంలోకి పొగరాని నైట్రో మందుతో పేలే .450 డబుల్ రైఫిళ్లు వస్తున్నాయి. అయితే తిరుగుబాటుదారుల చేతుల్లో మిగిలిన పాత మార్టినీ హెన్రీ రైఫిళ్లు కూడా ఆ బోరువే కావడంతో, తూటాలు వారికి చేరతాయన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం భారత్‌లోకి .450 దిగుమతిని ఆపేసింది. లండన్ తయారీదారులు కొలతలు కొద్దిగా మార్చి .465, .470, .475 తెచ్చారు. వాటి మధ్య జంతువుకు తెలిసేంత తేడా ఏదీ లేదు. ఇండియన్ ఆర్డ్‌నెన్స్ కర్మాగారాల .315 కూడా ఇలాంటి కారణంతోనే వచ్చింది. సైన్యం వాడే .303 పౌరులకు ఇవ్వకూడదు కాబట్టి పాత ఆస్ట్రియన్ 8 మిల్లీమీటర్ల తూటా నమూనాను తీసుకుని మరో పేరు పెట్టారు. ‘నిషేధిత బోరు’ అన్న మాటకు నేటికీ ప్రాణం పోస్తున్నది ఈ సైనిక, పౌర విభజనే. నిషేధితం అన్నంత మాత్రాన అది ఎక్కువ శక్తిమంతమని అర్థం కాదు. .303 నిషేధితం, దానికంటే శక్తిమంతమైన .30-06 మాత్రం క్రీడా రైఫిల్‌గా ఇషాపూర్‌లోనే తయారైంది.

శక్తి లెక్క: దాదాపు సమానమైన రెండు తూటాలు

బోరు పేరును పక్కన పెడితే అందరూ ఆశ్రయించే తర్వాతి కొలత గతిశక్తి. సూత్రం బడిలో చదువుకున్నదే. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేయాలి. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు, ఒక గ్రెయిన్ సుమారు 0.0648 గ్రాములు.

.243 విన్‌చెస్టర్‌ను తీసుకుందాం. 100 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 6.48 గ్రాములు, గొట్టం దాటేటప్పటి వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. లెక్క కడితే దాదాపు 2,620 జౌళ్లు వస్తాయి. ఇప్పుడు పాత 7×57. 173 గ్రెయిన్లు అంటే 11.2 గ్రాములు, వేగం సుమారు 700 మీటర్లు. శక్తి దాదాపు 2,750 జౌళ్లు. రెండింటి మధ్య తేడా దాదాపు ఐదు శాతమే. కానీ మొదటిదాన్ని జింకలకు మించి వాడడానికి అనుభవజ్ఞులు జంకుతారు. రెండోదానితో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆఫ్రికాలో వందలాది ఏనుగులను కూల్చాడు. అతను మొత్తం చంపిన ఏనుగులు వెయ్యికి పైనే. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంఖ్య కాదు గానీ, శక్తి లెక్క ఎక్కడ తడబడుతుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు.

తేడా ఎక్కడుందో తెలియాలంటే గోనెసంచి కుట్టే దబ్బనాన్ని తలచుకోవాలి. అదే బరువున్న ఇనుప బిళ్లతో పొడిస్తే సంచి నలుగుతుందే తప్ప చిల్లు పడదు. బుల్లెట్ బరువును పౌన్లలో తీసుకుని అంగుళాల్లోని వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేదాన్ని సెక్షనల్ డెన్సిటీ అంటారు. ఆకారం మారకుండా ఉంటే ఎంత లోతుకు దూసుకుపోగలదో ఇది సూచిస్తుంది. పై .243 బుల్లెట్‌కు అది 0.242. 7×57కు 0.306. ఏనుగులూ అడవిదున్నలూ ఉన్న ఆఫ్రికా అడవుల్లో కనీస ప్రమాణంగా భావించే .375 హాలండ్ అండ్ హాలండ్‌లో 300 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.305. సన్నటి ఏడు మిల్లీమీటర్ల బుల్లెట్ చొచ్చుకుపోవడంలో .375కు తీసిపోదన్నమాట. బెల్ వాడినది వ్యాకోచించని గట్టి తొడుగు బుల్లెట్, గురిపెట్టినది మెదడుకు, చంపిన జంతువుల పుర్రెలను కోసి లోపలి అమరికను చదువుకున్నవాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అదే తూటా గాయపడిన ఏనుగును మిగిల్చేది. బెల్ పేరు చెప్పి చిన్న బోర్లను సమర్థించేవారు ఈ షరతులను తరచూ మరిచిపోతారు.

తాకిన తర్వాత బుల్లెట్ ఏమవుతుంది

సెక్షనల్ డెన్సిటీ లెక్క బుల్లెట్ ఆకారం మారనంత వరకే నిలుస్తుంది. వేట బుల్లెట్లలో అధిక భాగం ఆకారం మార్చుకోవడానికే తయారవుతాయి. దీని చరిత్ర కూడా మన దేశం మీదుగానే నడిచింది. కోల్‌కతా శివార్లలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల చివర్లో .303 బుల్లెట్ ముక్కు దగ్గర లోహపు తొడుగును తీసేసి సీసాన్ని బయటపెట్టారు. శరీరాన్ని తాకగానే అది పుట్టగొడుగులా విచ్చుకునేది. 1899 హేగ్ ప్రకటన యుద్ధాల్లో ఇలాంటి బుల్లెట్లను నిషేధించింది. విచిత్రమేమిటంటే వేట విషయంలో న్యాయం తలకిందులవుతుంది. ఇంగ్లండ్‌లో 1991 నాటి జింకల చట్టం విచ్చుకునే బుల్లెట్‌నే తప్పనిసరి చేసింది. విచ్చుకోని బుల్లెట్ సన్నటి రంధ్రం చేసుకుంటూ అవతలికి పోతే జంతువు గంటల తరబడి నరకయాతన పడి చస్తుందన్నది అక్కడి తర్కం. సైనికుడి విషయంలో క్రూరమైనది జింక విషయంలో దయ ఎలా అయిందన్న ప్రశ్న వేరే వ్యాసానికి సరిపోతుంది.

విచ్చుకోవడం, చొచ్చుకుపోవడం ఒకదానికొకటి ఎదురు. ఎంత విచ్చుకుంటే అంత అడ్డు పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. రాగి తొడుగులో సీసం పోసిన మామూలు సాఫ్ట్ నోస్ బుల్లెట్‌కు ఒక వేగం దగ్గర ఈ రెండింటి మధ్య పొత్తు కుదురుతుంది. వేగం మరీ ఎక్కువైతే అది పైనే ఛిద్రమైపోతుంది, మరీ తక్కువైతే విచ్చుకోనే విచ్చుకోదు. మందు ఎక్కువగా పట్టే మాగ్నమ్ తూటాలు వేగాన్ని పెంచిన కొద్దీ ఈ చిక్కు ముదిరింది. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు ఎండిన బురద మెత్తిన మూస్ (భారీ జింక జాతి జంతువు) మీద .300 మాగ్నమ్‌తో కాలిస్తే బుల్లెట్లు లోపలికి పోకుండా పైపైనే చిట్లిపోయాయి. 1948లో అతను అమ్మకానికి తెచ్చిన పార్టిషన్ బుల్లెట్‌లో మధ్యలో ఒక అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుని చిట్లినా వెనక సగం గట్టిగా ఉండి లోపలికి సాగుతుంది. ఇలాంటి ఆలోచనతో జర్మనీలో హెచ్-మాంటెల్ బుల్లెట్ 1930లలోనే ఉంది. ఆ తర్వాత వచ్చిన బాండెడ్ బుల్లెట్లలో సీసాన్ని తొడుగుకు అతుక్కునేలా కరిగించి కలుపుతారు కాబట్టి రెండూ విడిపోవు. 1989లో బార్న్స్ సంస్థ అసలు సీసమే లేని బుల్లెట్ తెచ్చింది. మొత్తం రాగి, ముక్కులో చిన్న గుంత, తాకగానే నాలుగు రేకులుగా వెనక్కి మడుచుకుంటుంది. బరువు దాదాపు పోగొట్టుకోదు. ముక్కుకు ప్లాస్టిక్ మొన పెట్టినవి గాలిని చీల్చుకుంటూ వెళ్లి, తాకినప్పుడు ఆ మొన వెనక్కి నొక్కుకుని విచ్చుకోవడాన్ని ప్రారంభిస్తాయి.

వీటన్నింటికీ పూర్తిగా ఎదురుదారిలో నడిచే బుల్లెట్లూ ఉన్నాయి. కొన్ని పలుచటి తొడుగు బుల్లెట్లు కొద్ది అంగుళాలు లోపలికి పోయాక కావాలనే ముక్కలవుతాయి. ఊపిరితిత్తుల్లో అది జరిగితే జింక నిలుచున్న చోటే కూలుతుంది. అదే బుల్లెట్ అడవిపంది భుజం మీది మందపాటి డాలు లాంటి చర్మాన్ని, దాని కింది ఎముకను తాకితే లోపలికి చేరకుండానే చెదిరిపోవచ్చు. ఏనుగుకు, అడవిదున్నకు వాడే సాలిడ్ బుల్లెట్ మరో కొస. అది అసలు విచ్చుకోదు, ఎముకను చీల్చుకుంటూ తిన్నగా పోవడమే దాని పని.

సీసమా, రాగా?

ఈ తగవులో రెండు పక్షాలకూ చెప్పుకోదగ్గ బలం ఉంది. సీసం సాంద్రత ఘనసెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది దాదాపు 9. ఒకే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది, దాన్ని స్థిరంగా తిప్పడానికి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. పాత రైఫిళ్లన్నింటికీ అది కుదరదు. పైగా చాలా రాగి బుల్లెట్లు సరిగా విచ్చుకోవడానికి తాకేటప్పుడు సెకనుకు సుమారు 550 నుంచి 600 మీటర్ల వేగమైనా మిగిలి ఉండాలి. దూరం నుంచి కాల్చేవారికి ఇదొక పరిమితి. మరోవైపు, సీసం బుల్లెట్ నుంచి రాలిన సూక్ష్మకణాలు మాంసంలోనూ, వదిలేసిన పేగుల్లోనూ మిగిలిపోతాయి. అవి తిన్న కాండర్ రాబందులు సీసపు విషంతో చనిపోతున్నాయన్న కారణంగా కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటకు సీసం మందుగుండును పూర్తిగా నిషేధించింది. రాగి ఖరీదెక్కువన్నది ఎవరూ కాదనరు. మాంసం తినేవారి ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఖరీదు ఎక్కువ కాదనే నా అభిప్రాయం.

వేగం మేలా, బరువు మేలా: పాత తగాదా

అమెరికాలో రైఫిళ్ల తయారీదారు రాయ్ వెదర్‌బీ తేలికైన బుల్లెట్‌ను అతివేగంగా పంపితే ఆ తాకిడికి పుట్టే అల కండరాలను చిదిమేస్తుందని వాదించాడు. తుపాకుల గురించి రాసే ఎల్మర్ కీత్ దాన్ని ఎద్దేవా చేస్తూ, లావుగా బరువుగా నెమ్మదిగా వెళ్లే బుల్లెట్ మాత్రమే నమ్మదగినదన్నాడు. మరో వేట రచయిత జాక్ ఓ కానర్ మధ్యేమార్గంగా .270ను జీవితాంతం సమర్థించాడు. ఆఫ్రికాలో వేటాడిన జాన్ టేలర్ బుల్లెట్ బరువునూ, వేగాన్నీ, వ్యాసాన్నీ కలిపి గుణించే కొత్త సూత్రమే తయారుచేశాడు. అతని లెక్కలో .243కు సుమారు 10, 7×57కు 16, .30-06కు 21, .375కు 41, .458కు 67 వస్తాయి. వేగాన్ని వర్గం చేయకపోవడంతో ఈ సూత్రం లావు బుల్లెట్ల వైపు మొగ్గుతుంది, గతిశక్తి సూత్రం వేగపు బుల్లెట్ల వైపు మొగ్గుతుంది. రెండూ లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే, బుల్లెట్ నిర్మాణం. వేగం పుట్టించే తాత్కాలిక కుహరం, అంటే బుల్లెట్ దూసుకుపోయేటప్పుడు కండరం క్షణకాలం పక్కలకు సాగడంతో ఏర్పడే ఖాళీ, అబద్ధం కాదు. కాలేయం వంటి సాగని అవయవాన్ని అది చీలుస్తుంది, స్పంజిలా సాగే ఊపిరితిత్తి మాత్రం చాలావరకు తిరిగి మూసుకుంటుంది. అంటే వెదర్‌బీ చూసినదీ కీత్ చూసినదీ రెండూ నిజమే, ఇద్దరూ వేర్వేరు చోట్ల తగిలిన బుల్లెట్లను చూశారు.

చట్టాలు కూడా ఈ కొలతల మధ్య ఊగిసలాడాయి. ఇంగ్లండ్ పెద్ద జింకలకు కనీసం .240 బోరును, 1,700 అడుగు-పౌన్లు అంటే దాదాపు 2,300 జౌళ్లను అడుగుతుంది. స్వీడన్ శక్తిని గొట్టం దగ్గర కాక వంద మీటర్ల దూరంలో కొలుస్తుంది. మూస్ వంటి జంతువుకు బుల్లెట్ 9 గ్రాములైతే 2,700 జౌళ్లు ఉండాలి, 10 గ్రాములు దాటితే 2,000 చాలు. బరువైన బుల్లెట్‌కు ఇచ్చిన ఈ రాయితీ చిన్నదిగా కనిపిస్తుంది గానీ, శక్తి ఒక్కటే సరిపోదని చట్టమే ఒప్పుకున్నట్టు. 1894 నాటి స్వీడిష్ 6.5×55 బరువైన పొడుగు బుల్లెట్‌తో నేటికీ మూస్ వేటలో నిలిచింది అందుకే. నమీబియా అడవిదున్న, ఏనుగు వంటివాటికి 5,400 జౌళ్లు కావాలంటుంది. ఆ గీత దగ్గర .375 దాదాపు 5,780తో గట్టెక్కుతుంది, .30-06 దాదాపు 3,950తో ఆగిపోతుంది, బెల్ తూటా దరిదాపుల్లోకి కూడా రాదు. చట్టం అందరికంటే నేర్పరిని దృష్టిలో పెట్టుకుని రాసేది కాదు.

చేతిలో ఉన్న రైఫిల్‌తో ఒక లెక్క

ఇదంతా మన దగ్గర ఎలా వర్తిస్తుందో చూద్దాం. మొక్కజొన్న చేను, రాత్రి, మంచె మీద లైసెన్సు ఉన్న షూటర్, అరవై మీటర్ల దూరంలో మగ అడవిపంది. అతని చేతిలో ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నది .315. దాని 244 గ్రెయిన్ల సాఫ్ట్ నోస్ బుల్లెట్ దాదాపు 15.8 గ్రాములు, సెక్షనల్ డెన్సిటీ సుమారు 0.33, అంటే .375 కంటే కూడా ఎక్కువ. వేగం మాత్రం నేటి ప్రమాణాల్లో తక్కువ. నెమ్మదిగా వెళ్లే బరువైన బుల్లెట్ కాబట్టి తొడుగు చిట్లదు, భుజం డాలును దాటి ఛాతీ దాకా చేరుతుంది. కాగితం మీద పాతబడిన ఈ తూటా ఆ దూరంలో ఆ జంతువుకు అతికినట్టు సరిపోతుంది. దూరం రెండు వందల మీటర్లయితే మాత్రం మొద్దు ముక్కు గాలికి తట్టుకోలేక వేగం పడిపోతుంది, బుల్లెట్ మార్గం కిందికి వంగుతుంది, అప్పుడు సన్నటి మొన ఉన్న .30-06 ముందుంటుంది.

అదే చేనులో ఎవరైనా ఏనుగు కోసం తెచ్చుకున్న .458ను సాలిడ్ బుల్లెట్‌తో వాడితే ఏమవుతుంది? అది .30-06కు దాదాపు మూడింతలు భుజాన్ని తంతుంది, చాలామంది ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటారు. తగిలినా బుల్లెట్ పంది గుండా సూటిగా దూరి, శక్తిలో ఎక్కువ భాగం ఇంకా తన దగ్గరే ఉంచుకుని చేను అవతలికి పోతుంది. అవతల గట్టు మీద కాపలా గుడిసె ఉండవచ్చు, పొలానికి నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషి ఉండవచ్చు. సాఫ్ట్ నోస్ బుల్లెట్ కూడా కొన్నిసార్లు అవతలికి వెళుతుంది, కాకపోతే విచ్చుకుని, నెమ్మదించి, దారి తప్పి. అందుకే మంచె మీది షూటర్ బోరు చూసుకోవడానికి ముందు పంది వెనక మట్టిగట్టు ఉందో లేదో చూసుకుంటాడు. ఎత్తు నుంచి కిందికి కాలిస్తే బుల్లెట్ నేలలోకి దిగుతుందన్నది మంచెకు ఉన్న రెండో ఉపయోగం.